జడ్జీల పైపు

పోయిన వారం మార్జియాను షెడ్డు మెట్ల మధ్యలో, చేతిలో లజాన్యా కాల్చే పళ్ళెంతో నిలబెట్టి వచ్చాం. వసంతంలో పాత కార్ల క్లబ్బు వాళ్ళందరి ముందు, కాలం చేసిన మామగారు అల్చీదె కారు మూతి లోంచి మంట లేచి మరిది వైనెర్ ఎడమ చెయ్యి కాలిన సంగతీ, ఆ తర్వాత వారానికే ఆమె భర్త ఓరియానో తండ్రి ఫోటో మీద చెయ్యి వేసి, కారులో రబ్బరు పైపులన్నీ మార్చేశానని ప్రమాణం చేసిన సంగతీ మీకు గుర్తుండే ఉంటుంది. ఈ ఆదివారం క్లబ్బు కార్ల కొండ పరుగులో ఆ కారు నడపబోయేది వాళ్ళ ఒక్కగానొక్క కూతురు నోయెమి. కొన్నాళ్ళుగా ఇల్లంతా పెట్రోలు కంపు. అదెక్కణ్ణుంచో కనిపెడదామని కిందికి దిగిన మార్జియాకు కారు కింద తన పళ్ళెం దొరికింది. ఆమె పైకి వచ్చేసరికి భోజనాల బల్ల దగ్గర ఆ కంపు మీద తగువు మంచి జోరులో ఉంది.

“నాకేం రావట్లేదు,” అంటున్నాడు ఓరియానో, గిన్నెలో జున్ను తురుము చల్లుకుంటూ.

“నీకెలా వస్తుందిరా? ఆ కారు కింద గుంటలో వెల్లకిలా పడుకుని ముక్కు ఎప్పుడో చంపుకున్నావు,” అంది అతని తల్లి ఆర్జియా. ముసలావిడ చెంచా కింద పెట్టి గిన్నెను బల్ల మధ్యకు తోసేసింది. “కోడిపులుసు తాగుతున్నానో, లారీ తాగేది తాగుతున్నానో తెలియట్లేదు నాకు.”

“అమ్మా, నీకు ఎనభై దాటాయి. ఆ వయసులో ముక్కుకి ఏవేవో వాసనలు వస్తాయంట. డాక్టరే చెప్పాడు.”

“డాక్టరు చెప్పింది చెవుల గురించి. అది కూడా నీకు సరిగ్గా వినబడలేదు.”

వైనెర్ నవ్వాడు. అతనికి భార్య లేదు. వారంలో నాలుగు పూటలు అన్నగారింట్లోనే భోజనం. పెద్ద కార్ల ఫ్యాక్టరీలో కార్లు పరీక్షించే విభాగంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. “కంపు ఉంటే ఉందనుకో అమ్మా, తప్పు కారుది కాదు, పెట్రోలుది,” అన్నాడు. “ఇప్పుడు బంకుల్లో పోసేది పెట్రోలా? సగం సారాయి. ఆ ఆల్కహాలు పాత రబ్బరుని చెదపురుగులా తినేస్తుంది. మన రోజుల్లో సీసం కలిపిన పెట్రోలు ఉండేది, దాని వాసనే వేరు. తీయగా ఉండేది.”

“ఆ తీపికే మీ నాన్న ఊపిరితిత్తులు పోయాయి,” అంది ఆర్జియా.

“నాన్న పోయింది సిగరెట్ల వల్ల.”

“సిగరెట్టు రోజుకి రెండు. పెట్రోలు పొద్దస్తమానం.”

మార్జియా వచ్చి, బల్ల మధ్య రొట్టెల బుట్ట జరిపి, అక్కడ ఆ పళ్ళెం పెట్టింది. అడుగున నాలుగు వేళ్ళ మందాన చెక్కపొట్టు పోసి ఉంది. అది తడిసి, కుంకుడు రసంలా ముదురు రంగుకి తిరిగింది. అంచున ఎప్పుడో మాడి అంటుకుపోయిన జున్ను ఇంకా అలాగే ఉంది.

బల్ల మీద ఒక్కసారిగా గుప్పుమంది.

“ఇప్పుడు వస్తోందా?” అంది మార్జియా.

ఓరియానో పళ్ళెం వైపు చూసి, పెళ్ళాం వైపు చూసి, మళ్ళీ జున్ను తురుము గిన్నె అందుకున్నాడు. “ప్రతి పాత కారూ చెమట పడుతుంది. చెమట పట్టని పాత కారు ఉందంటే అందులో నూనె లేదని అర్థం.”

“ఇది నూనె కాదు.”

“ఒక చుక్క. క్లిప్పు వదులైంది. సాయంత్రం బిగిస్తా. ఆ పళ్ళెం కూడా కడిగి ఇస్తా, సరేనా? పళ్ళెం కోసం ఇంత గొడవా!”

“కడిగి ఇస్తావా? దాన్లో మళ్ళీ లజాన్యా చేసి పెట్టమంటావా?”

“వేడి నీళ్ళు, సోడా వేస్తే పోతుంది వదినా,” అన్నాడు వైనెర్.

మార్జియాకు ఇలాంటివి చాలా గుర్తున్నాయి. ఈ ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తలో ఒక రోజు తన పెద్ద బేసిన్‌లో, పండగకి మాంసం కూరిన టోర్టెల్లీనీ ఉడికించుకునే బేసిన్‌లో, కార్బొరేటర్లు నానుతూ కనిపించాయి. ఆ రోజు ఏడ్చింది. తర్వాత ఓవెన్‌లో ఇంజను సిలిండరు హెడ్డు వేడెక్కింది, ఫ్రిజ్‌లో వెన్న పక్కన బేరింగులు చల్లబడ్డాయి. ఏడవడం మానేసి నవ్వడం నేర్చుకుంది. క్లబ్బు ఆడవాళ్ళంతా కలిసినప్పుడు చెప్పుకుని నవ్వే కథలవి. ఆ నవ్వుల్ని తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళంతా గొంగళిపురుగులు పాకినట్టుంది.

“క్లిప్పు వదులైందన్నావు కదా,” అంది. “ఏ పైపుకి?”

“ఏ పైపుకేంటి? పెట్రోల్ పైపుకి. కార్బొరేటర్లకి వెళ్ళేదానికి.”

“వసంతంలో మార్చావే, ఆ కొత్త పైపుకి.”

“ఆ.”

“నల్లది. ఆల్కహాలు తినలేని రకం. దుకాణం వాడితో గంటసేపు ఫోన్లో మాట్లాడి తెప్పించావే, అదేనా?”

“అదే మార్జియా, అదే. ఏంటి ఈ పోలీసు విచారణ? పులుసు చల్లారిపోతోంది.”

మార్జియా ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టింది. పాత దినపత్రికలో చుట్టి ఉన్న పొట్లం తీసి, విప్పి, లోపలున్నదాన్ని ఓరియానో గిన్నె పక్కన పెట్టింది. జానెడు నల్ల రబ్బరు పైపు. కొత్తది. రెండు చివర్లా క్లిప్పులు బిగించిన ఆనవాళ్ళున్నాయి.

“ఇది నీ పనిబల్ల వెనక, మేకుకి వేలాడుతూ దొరికింది. మరి కారులో ఉన్నదేంటి?”

ఓరియానో నోట్లో ముద్ద అలాగే ఉంది. వైనెర్ మాత్రం గుమ్మడికాయ దొంగలా, ఎవరూ అడక్కుండానే కాలిన చేతిని బల్ల కిందికి లాక్కున్నాడు.

“జడ్జీల పైపు,” అన్నాడు చివరికి, అన్న మొహం చూడకుండా.

ఆ మాట మార్జియాకు కొత్త కాదు. క్లబ్బులో ప్రతివాడి దగ్గరా రెండేసి సరుకులుంటాయి. నడపడానికొకటి, పోటీల్లో పాత కార్లని పరిశీలించే జడ్జీలకి చూపించడానికొకటి. రోడ్డు టైర్లు, జడ్జీల టైర్లు. రోడ్డు బ్యాటరీ, జడ్జీల బ్యాటరీ. కొత్త కార్ల వాళ్ళు ఇంకా ఘనులు. చప్పుడు కోసం పొగగొట్టం కోసి పారేస్తారు. ప్రభుత్వ తనిఖీ వచ్చినప్పుడు మాత్రం అసలు పొగగొట్టం ఒకటి, క్లబ్బంతటికీ ఒకే ఒక్కటి, పెళ్ళిచూపులకి అరువు తెచ్చిన చంద్రహారంలా ఇంటింటికీ తిరుగుతుంది. ఒక చలికాలం అది వీళ్ళ నడవాలో దుప్పటి కప్పుకుని పడుకుంది. వచ్చినవాళ్ళు దాన్ని చూసి నవ్వారు. తనూ నవ్వింది, దాని మీద గొడుగులు ఆరేసింది.

“జడ్జీల పైపు,” అంది మళ్ళీ. “అంటే పాతది. పారేశానన్నావే, ఆ పైపు.”

“పారేయడానికి అదేమైనా చెత్తా?” ఓరియానోకు గొంతు వచ్చింది. “దాని మీద నూలు అల్లిక ఉంది. ఆ అల్లిక మీద కంపెనీ అక్షరాలున్నాయి, ఇంకా కనిపిస్తున్నాయి. దేశం మొత్తం మీద వెతికినా అలాంటి పైపు ఇంకొకటి దొరకదు. జడ్జీలు బానెట్ ఎత్తగానే ముందు చూసేది దాన్నే. నల్ల రబ్బరు కనబడిందా, కాగితం మడిచి వెళ్ళిపోతారు. అది ఉందా, బహుమతి మనదే, కార్ల మ్యూజియం గోడ మీద ఇత్తడి పలక. నాన్న పేరుతో. ఈ బాడీ అల్చీదె చేత్తో కొట్టిన అల్యూమినియం అని ఊరంతా చదువుతుంది. నీకది చిన్న విషయమా?”

“ఆ పైపు కారడం వల్లే మంటలొచ్చాయి.”

“అది మంట కాదు. కార్బొరేటర్ తుమ్మింది.”

“తుమ్మితే వైనెర్ చెయ్యి కాలిందా?”

“నేను తొందరపడి మంట మీద కోటు కప్పకుండా చేత్తో కొట్టాను వదినా,” అన్నాడు వైనెర్. “తప్పు నాదే.”

మార్జియా అతని వైపు చూసింది. వసంతం నుంచి ఈ మనిషికి మాంసం ముక్కలు కోసి పెడుతోంది. వేళ్ళ మధ్య చర్మం ముడుచుకుపోయి కత్తి పట్టుకోలేడు. అలాంటివాడు తన చెయ్యి కాల్చిన పైపుని వెనకేసుకొస్తున్నాడు. జాలి పడదామనుకుంది. జాలి రాలేదు.

“సరే,” అంది. “జడ్జీలు చూస్తారు. చూసి వెళ్తారు. తర్వాత మీరు కొత్త పైపు పెట్టి కొండెక్కుతారు. అంతేనా?”

అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“చెప్పండి.”

“ఈసారి పద్ధతి మార్చారు,” అన్నాడు వైనెర్. “జడ్జీలు చూసేది బయల్దేరే గీత దగ్గరే. చర్చి ముందు. చూడగానే బానెట్ మీద సీలు వేస్తారు. పైకి వెళ్ళాక వాళ్ళే తీస్తారు. మోసం జరక్కుండా.”

“మోసం జరక్కుండా,” అంది మార్జియా.

“అందరూ ఇలాగే చేస్తున్నారు, తెలుసా?” ఓరియానో చెంచా బల్ల మీద కొట్టాడు. “మనం ఒక్కళ్ళమే కాదు. ఎంత దూరం ఆ కొండ? ఇంజను వేడెక్కేలోగా పైకి చేరిపోతాం. కారితే ఒక చుక్క కారుతుంది, గాలికి ఆరిపోతుంది.”

“వేడి ఇంజను మీద పడితే?”

“పడదు.”

“పళ్ళెంలో పడిందే.”

“నీకు కార్ల గురించి తెలియదు మార్జియా!”

“తెలియదు. పళ్ళేల గురించి తెలుసు.”

ఆర్జియా అంతసేపూ కొడుకునే చూస్తోంది. ఆవిడ ఇప్పుడు మెల్లగా చెయ్యి చాపి, ఆ నల్ల పైపుని తీసుకుని, బెండకాయ లేతదో ముదిరిందో చూసినట్టు చివర వంచి చూసింది.

“అల్చీదె ఏటా మార్చేవాడు,” అంది. “ద్రాక్ష కోతలైపోగానే సంతకెళ్ళి ఏది దొరికితే అది తెచ్చేవాడు. ‘రబ్బరంటే రొట్టె లాంటిది ఆర్జియా, పాచిపోతే పారెయ్యాలి’ అనేవాడు. మీరు దేవుడి పటంలా పూజ చేస్తున్నారే, ఆ నూలు పైపు, అది ఆయన చచ్చిపోయే ముందు సంతలో కొన్నది. ఇంకో ఏడాది బతికుంటే దాన్ని కూడా చెత్తలో వేసేవాడు.”

“అమ్మా, నీకు తెలియదు, అది అసలు పైపు.”

“నేను పక్కనే ఉన్నానురా. బేరమాడింది నేను.”

వైనెర్ మాట మార్చబోయాడు. కష్టం వచ్చినప్పుడల్లా అతను ఫ్యాక్టరీని తిట్టడం మొదలుపెడతాడు. “అసలు ఇదంతా ఎందుకొచ్చింది? మా ఫ్యాక్టరీ వాళ్ళిప్పుడు కార్లు చెయ్యట్లేదు, చక్రాలున్న టెలివిజన్లు చేస్తున్నారు. ఇంజను చప్పుడు కూడా స్పీకర్లోంచి వస్తుంది. కొన్నవాడు నడపడు, గాజు గదిలో పెట్టి అతిథులకి చూపిస్తాడు. అంతా వేషం! నిజమైన కారంటే ఇంకా మా బోటివాళ్ళ షెడ్లలోనే...”

అతనికే తన మాట ఎటు పోతోందో తెలిసింది. ఆగిపోయాడు.

“చెప్పు వైనెర్,” అంది మార్జియా. “వేషం గురించి చెబుతున్నావు.”

కింద తలుపు చప్పుడైంది. మెట్ల మీద అడుగులు. నోయెమి ఫ్యాక్టరీ పెయింటు విభాగంలో పొద్దుటి షిఫ్టు ముగించుకుని వచ్చింది. జుట్టు ముడి విప్పుకుంటూ, వచ్చీ రాగానే నానమ్మ బుగ్గ మీద ముద్దు పెట్టి, రొట్టెల బుట్ట ఎక్కడుందా అని చూసింది. “అబ్బా, ఆకలి! ఏంటందరూ శవం ముందు కూర్చున్నట్టున్నారు? టోర్టెల్లీనీ అయిపోయాయా?”

మార్జియాకు ఊపిరి వచ్చింది. ఇంతసేపూ తను ఎవరి కోసం మాట్లాడుతోందో ఆ పిల్ల వచ్చింది. ఇక ఈ మొగవాళ్ళతో తనకు పనిలేదు.

“ఇలా రా,” అంది. “కూర్చో. మీ నాన్న ఏం చేశాడో చూడు. నిన్ను ఏ కారులో కూర్చోబెట్టి పంపబోతున్నాడో నువ్వే చూడు.”

నోయెమి చూసింది. పళ్ళెం చూసింది. నానమ్మ చేతిలో నల్ల పైపు చూసింది. మొహంలో ఏ మార్పూ రాలేదు. రొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకుంది.

“అదెందుకు పైకి తెచ్చావమ్మా? లోపల నలక దూరుతుంది. కాగితంలో చుట్టిపెట్టాను కదా.”

వంటింట్లో పొయ్యి మీద కుండ మూత టకటకమంటోంది.

“నువ్వు చుట్టావా?” అంది మార్జియా.

“నేనే తీశాను. అక్కడ నాన్న వేళ్ళు దూరవు. జడ్జీలకి ముందే ఫోటోలు పంపాలన్నారు, అందుకని పాతది బిగించి తీశాం. మళ్ళీ తీసి పెట్టడం దేనికని ఉంచేశాం.” నోయెమి గిన్నె ముందుకు లాక్కుంది. “మంటకి ఒక పక్క మసి మరక పడింది దాని మీద. కాఫీ డికాక్షన్‌లో రాత్రంతా నానబెట్టా. ఇప్పుడు చూస్తే ఆ మరక ఎవరూ కనిపెట్టలేరు. వైనెర్ బాబాయే కనిపెట్టలేకపోయాడు.”

“మొన్న కాఫీ డబ్బా ఖాళీ అయింది అందుకా?” అంది ఆర్జియా.

“సారీ నానమ్మా.”

“ఆ పైపేనని తెలుసా నీకు?” మార్జియా గొంతు పైకి లేవలేదు. “బాబాయి చెయ్యి కాల్చింది ఆ పైపేనని తెలిసే పెట్టావా?”

“తెలుసు. అమ్మా, అదేం బాంబు కాదు. సీటు వెనక మంటలార్పే సిలిండరు ఉంది. కారుకి తలుపుల్లేవు, దూకెయ్యొచ్చు. నేను లెక్క వేసుకోకుండా చేస్తానా?” నవ్వింది. ఆ నవ్వు అచ్చం తండ్రిది. ఒక మూల పైకి లేచే నవ్వు. పెళ్ళికి ముందు ఆ నవ్వు చూసే మార్జియా మనసు పారేసుకుంది. “తాతయ్య పేరు గోడ మీద చూడాలని నీకు లేదా?”

“నిన్ను ఆ కారెక్కనివ్వను.”

“సరే. అయితే మన క్లబ్బు రోమోలో గాడి కారెక్కుతాను. వాడికి పక్క సీట్లో మనిషి కావాలంట. వాడిది ఇంకా పాతది. వాడి దగ్గర కొత్త పైపు అసలే లేదు.” నోయెమి నోట్లో రొట్టె నములుతూనే చెప్పింది. “నాకు ఇరవై మూడేళ్ళమ్మా.”

ఓరియానో తల దించుకుని ఉన్నాడు. కానీ ఆ దించుకున్న మొహంలో, పెదవి చివర, మార్జియాకు కనబడింది. గర్వం. ఇది నా కూతురు అనే గర్వం.

పొద్దున డ్రాయర్ లాగినప్పుడు ఉతికిన తువ్వాళ్ళలో ఉన్న కంపు, దిండు గలేబుల్లో, పిండి డబ్బాలో ఉన్న కంపు, ఇప్పుడు ఈ పిల్ల జుట్టులోంచీ వస్తోంది. ఎంతో కాలంగా వస్తూ ఉండి ఉంటుంది. తను పక్క గదుల్లో వెతికింది, అంతే.

మార్జియా లేచింది. ఒకరొకరి ముందు నుంచీ గిన్నెలు తీసింది. కోపంగా తియ్యలేదు, చప్పుడు చెయ్యలేదు. పళ్ళెంలోని చెక్కపొట్టు పాత కవరులోకి దులిపి, పళ్ళేన్ని కడగకుండా చెత్తబుట్ట పక్కన నిలబెట్టింది. కొళాయి కింద చేతులు సబ్బుతో రుద్దుకుంది. వాసన చూసుకుని మళ్ళీ రుద్దుకుంది.

తలుపు వెనక కొక్కేనికి వైనెర్ హెల్మెట్ వేలాడుతోంది. కొండ పరుగులో డ్రైవరు పక్కన కూర్చుని, గడియారం చూస్తూ, ఎక్కడ ఎంత వేగంతో వెళ్ళాలో చెప్పే మనిషి ఒకడుండాలి. ఎన్నో ఏళ్ళుగా ఆ సీటు అతనిదే. చెయ్యి కాలినా ఈ ఆదివారం కూడా తనే కూర్చుంటానని పట్టుబట్టాడు.

మార్జియా హెల్మెట్ దించింది. లోపలి దూది గుడ్డ చెమటకి పసుపెక్కి ఉంది. మొహం చిట్లించి, అయినా తలకి పెట్టుకుంది. గడ్డం కింద పట్టీ కొంచెం వదులు. దాన్ని ఒక రంధ్రం బిగించింది.

“వదినా?” అన్నాడు వైనెర్.

“అమ్మా, ఏంటిది?” నోయెమి నవ్వబోయింది.

మార్జియా ముసలావిడ చేతిలోంచి నల్ల పైపు తీసుకుని, బల్ల మీద, ఓరియానో ఫోర్కుకీ కత్తికీ మధ్య, తిన్నగా పెట్టింది.

“ఆదివారం ఆ పక్క సీట్లో నేను కూర్చుంటాను,” అంది. ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అంది. “వైనెర్, చెయ్యి బాగాలేదని క్లబ్బుకి ఫోన్ చేసి నా పేరు రాయించు. గడియారం చూడటం నాకు వచ్చు. పొయ్యి ముందు చూస్తూనే ఉన్నాను. ఏ పైపు పెడతారో మీ తండ్రీ కూతుళ్ళిష్టం. నేను అడగను. బానెట్ ఎత్తి చూడను. సీలు వేశాక ఎక్కి కూర్చుంటాను.”

నోయెమి నమలడం ఆపేసింది.

ఓరియానో పైపు వైపు చూడలేదు. తలెత్తి, ఇన్నాళ్ళలో మొదటిసారి, మెల్లగా గాలి పీల్చి వాసన చూశాడు.